తెలుగువారి కాశీయాత్ర: పదిహేను నెలల దారి నుంచి నాలుగు రోజుల ప్రయాణం దాకా

హిమాలయాల్లో పుట్టి తూర్పు సముద్రం వైపు సాగే గంగ, కాశి దగ్గర వంపు తిరిగి కొంత దూరం ఉత్తరంగా ప్రవహిస్తుంది. అక్కడ పడమటి గట్టు ఎత్తుగా, గట్టి నేలతో ఉండి ఎన్ని వరదలు వచ్చినా కోసుకుపోలేదు. తూర్పు గట్టు పల్లపు ఇసుక. ఏటా వానాకాలంలో నీట మునుగుతుంది. అందుకే అసి, వరుణ అనే రెండు చిన్న నదుల మధ్య నగరమంతా పడమటి ఒడ్డునే పెరిగింది. స్నానానికి మెట్లు దిగేవారికి సూర్యోదయం సరిగ్గా ఎదురుగా కనిపిస్తుంది. శివుడు కొలువైన క్షేత్రం, ఉత్తరవాహిని అయిన గంగ, మరణించినవారికి మోక్షమిస్తుందన్న నమ్మకం, ఈ మూడూ కలిసి కాశిని దేశం నలుమూలల నుంచి యాత్రికులు తరలివచ్చే చోటుగా నిలబెట్టాయి.

తెలుగునాటి నుంచి కాశి వెయ్యి కిలోమీటర్లకు పైమాటే. అంత దూరాన ఉన్నా అది తెలుగింటి ఆచారాల్లో పక్క ఊరంత దగ్గరగా కనిపిస్తుంది. పెళ్ళిలో స్నాతకం అయ్యాక వరుడు గొడుగు, కర్ర పట్టుకుని, పావుకోళ్ళు తొడుక్కుని కాశికి బయలుదేరతాడు. బావమరిది అడ్డుపడి, గడ్డం పట్టుకుని బతిమాలి వెనక్కి తీసుకొస్తాడు. కాశికి పోయినవాడూ కాటికి పోయినవాడూ ఒకటేనని సామెత. మధిర సుబ్బన్న దీక్షితులు పన్నెండు సంపుటాలుగా రాసిన కాశీమజిలీ కథలకు ఆధారం కూడా ఈ యాత్రే. కాశికి నడిచిపోయే మణిసిద్ధుడు తన వెంట వచ్చే గొల్లపిల్లవాడికి ప్రతి మజిలీలోనూ ఒక కథ చెబుతాడు. దారి ఎంత పొడవైతే కథలు అన్ని పుడతాయి.

ఈ యాత్ర చరిత్రలో మారినదీ మారనిదీ రెండూ స్పష్టంగా కనిపిస్తాయి. నెలలు పట్టిన దారి గంటల్లోకి కుదించుకుపోయింది. యాత్రకు ముందు కూర్చుని తేల్చుకోవలసిన విషయాలు మాత్రం దాదాపు అవే మిగిలాయి. ఏ కాలంలో వెళ్ళాలి, ఎవరితో వెళ్ళాలి, డబ్బు ఎలా తీసుకెళ్ళాలి, ఎక్కడ దిగాలి, ఏ క్షేత్రం తర్వాత ఏది చూడాలి అన్నవి 1830లో కాశీయాత్ర చేసిన ఏనుగుల వీరాస్వామి కాలంలోనూ ప్రశ్నలే, నేడూ ప్రశ్నలే.

కావ్యంలో కాశి, కాశిలో తెలుగువారు

కాశి గురించి తెలుగులో వచ్చిన రచనల్లో పేరెన్నికగన్నది శ్రీనాథుడి కాశీఖండం. స్కాంద పురాణంలోని కాశీఖండాన్ని ఆయన 15వ శతాబ్దంలో ఏడు ఆశ్వాసాల తెలుగు కావ్యంగా మలిచి, రాజమహేంద్రవరం పాలకుడు వీరభద్రారెడ్డికి అంకితమిచ్చాడు. అగస్త్యుడు కాశిని విడిచి దక్షిణానికి రావడం, గుణనిధి కథ, కాశిలోని తీర్థాలు, లింగాల మహిమలు అందులో ఉన్నాయి. ప్రయాణం చేయలేని వేలమందికి పురాణ కాలక్షేపాల ద్వారా కాశి వీధులు, ఘట్టాలు పరిచయమయ్యాయి. శ్రీనాథుడే రాసిన భీమేశ్వర పురాణంలో, కాశిలో భిక్ష దొరకక ఆగ్రహించి ఆ నగరానికి దూరమైన వ్యాసుడు దాక్షారామానికి చేరుకుంటాడు. కాశికి వెళ్ళలేనివారికి దాక్షారామం, అలంపురం, వేములవాడ వంటి క్షేత్రాలు దక్షిణ కాశులయ్యాయి.

వెళ్ళినవారిలో కొందరు అక్కడే ఉండిపోయారు. పుష్టిమార్గాన్ని స్థాపించిన వల్లభాచార్యులు తెలుగు కుటుంబంలో పుట్టారు. తల్లిదండ్రులు కాశి నుంచి ప్రయాణంలో ఉండగా 1479లో ఆయన జన్మించారని సంప్రదాయం చెబుతుంది. చివరి రోజుల్లో కాశికి తిరిగి వచ్చి హనుమాన్ ఘాట్ దగ్గర గంగలో దేహం చాలించారు. 17వ శతాబ్దంలో మొగలు దర్బారులో మన్ననలందుకున్న జగన్నాథ పండితరాయలు కూడా తెలుగువాడే. ఆయన గంగాలహరి ఒక్కో శ్లోకం చెబుతుంటే గంగ ఒక్కో మెట్టు పైకి వచ్చిందన్న కథ నేటికీ ఆ ఘాట్ల మీద వినిపిస్తుంది. విజయనగరం ప్రాంతం నుంచి వెళ్ళిన త్రైలింగస్వామి పంచగంగా ఘాట్ దగ్గర దీర్ఘకాలం ఉండి 1887లో సిద్ధి పొందారు. విజయనగరం రాజులు 19వ శతాబ్దంలో కాశిలో నివాసాలు ఏర్పరచుకున్నారు. కేదార్ ఘాట్‌కు దగ్గరలోని విజయనగరం ఘాట్ ఆ సంబంధానికి గుర్తు.

వీరందరికీ ముందూ వెనకా పేరు తెలియని యాత్రికులు లక్షలమంది ఉన్నారు. ముసలితనంలో కాశీవాసం చేయడానికి వెళ్ళినవారు, వేదం చదువుకోవడానికి వెళ్ళిన కుర్రవాళ్ళు, అస్థికలు కలపడానికి వెళ్ళిన కొడుకులు వారిలో ఉన్నారు. గంగ నీళ్ళ కావళ్ళు భుజాన మోస్తూ ఊరూరా తిరిగే కాశీ కావటివాళ్ళు కూడా ఉన్నారు. దారి వివరాలు పల్లెల్లోకి చేరిందీ, ఏ నది ఎప్పుడు దాటడానికి వీలవుతుందో తెలిసిందీ ఎక్కువగా ఈ కావటివాళ్ళ నోటి మాట వల్లనే.

నడిచి వెళ్ళిన కాలంలో ఏర్పాట్లు

రైలు రాకముందు కాశీయాత్ర ఒంటరిగా చేసే పని కాదు. దూరాలను ఆమడల్లో లెక్కించేవారు. రోజుకు ఒకటి రెండు ఆమడలు నడిచి ఒక మజిలీ చేసేవారు. మజిలీ ఎంచుకోవడానికి చూసేవి నాలుగు: మంచినీళ్ళు, వంటచెరకు, బియ్యం పప్పులు అమ్మే అంగడి, దొంగల భయం లేని బస. సత్రం ఉంటే సరే, లేకపోతే దేవాలయ మండపమో, చెట్టు నీడో, వెంట తెచ్చుకున్న డేరానో ఆధారం. కలిగినవారు పల్లకీలో వెళ్ళేవారు. పల్లకీకి బోయీలు, సామానుకు కావటివాళ్ళు, వంటకు బ్రాహ్మణులు, కాపలాకు మనుషులు కావాలి. ఒక కుటుంబం బయలుదేరితే పది కుటుంబాలు వెంట కలిసేవి. బీద యాత్రికులకు అలాంటి పరివారం నీడలో నడవడమే రక్షణ.

కాలం ఎంచుకోవడం పెద్ద చిక్కు. దారిలో కృష్ణ, గోదావరి, నర్మద, గంగ వంటి పెద్ద నదులు దాటాలి. వంతెనలు లేవు. వానాకాలంలో పడవలు ఆగిపోతే వారాల తరబడి ఒడ్డున ఉండిపోవాలి. వేసవిలో బయలుదేరితే ఎండ, ఆపైన వాన. చలికాలంలో ఉత్తరాదికి చేరితే తెలుగువారికి అలవాటులేని చలి. కలరా, మశూచి యాత్రికుల గుంపుల్లో వేగంగా పాకేవి. సామెతలో కాశిని కాటితో జత చేయడానికి ఈ దారి కష్టాలే కారణం. అందుకే బయలుదేరే ముందు ఆస్తిపాస్తులు సర్దుకుని, బాధ్యతలు పెద్దకొడుక్కు అప్పగించి, అప్పులు తీర్చి, ఊరి పెద్దల దగ్గర సెలవు తీసుకోవడం ఆనవాయితీ అయింది.

డబ్బు విషయంలోనూ జాగ్రత్త కావాలి. ఒక్కో సంస్థానంలో ఒక్కో నాణెం చెల్లేది. మార్చుకున్నప్పుడల్లా వట్టం పేరుతో కొంత పోయేది. మూటకట్టి తీసుకెళితే దొంగల పాలు. కలిగినవారు షావుకార్ల దగ్గర హుండీలు (చెల్లింపు పత్రాలు) రాయించుకుని, దారిలోని పెద్ద నగరాల్లో ఆ షావుకార్ల కొఠీల్లో డబ్బు తీసుకునేవారు. నాగపూరు, జబల్పూరు, మీర్జాపూరు దారుల్లో థగ్గుల భయం ఉండేది. బాటసారుల్లా కలిసి నడిచి, నమ్మించి, గొంతు బిగించి చంపే ఈ ముఠాలను అణచే పనిని ఆంగ్ల అధికారి స్లీమన్ 1830ల్లో జబల్పూరు కేంద్రంగా సాగించాడు.

వీటికి తోడు సుంకాలు. ప్రయాగ, గయ, పూరీ క్షేత్రాల్లో ఈస్టిండియా కంపెనీ యాత్రికుల మీద పన్ను వసూలు చేసింది. కాలినడకన వచ్చినవారికి ఒక రేటు, గుర్రం మీద వచ్చినవారికి ఒకటి, ఏనుగు మీద వచ్చినవారికి మరొకటి. పన్ను కట్టి చీటీ తీసుకుంటేనే త్రివేణిలో మునక. ఈ పన్నును 1840లో రద్దు చేశారు. అప్పటిదాకా తెలుగు యాత్రికుల ఖర్చుల లెక్కలో అదొక తప్పని పద్దు.

ఏనుగుల వీరాస్వామి చేసిన యాత్ర

ఈ కాలపు యాత్ర ఎలా సాగేదో తెలుసుకోవడానికి తెలుగువారికి గొప్ప ఆధారం ఏనుగుల వీరాస్వామి రాసిన కాశీయాత్ర చరిత్ర. ఆయన చెన్నపట్నం సుప్రీంకోర్టులో ప్రధాన దుబాసీ (ద్విభాషి). 1830 మే 18న బయలుదేరి 1831 సెప్టెంబరు 3న తిరిగి చేరుకున్నారు. పదిహేను నెలల పైచిలుకు సాగిన ఈ ప్రయాణంలో దాదాపు వందమంది పరివారం ఆయన వెంట ఉంది. దారిలో రాసుకున్న విశేషాలను మిత్రుడు కోమలేశ్వరపురం శ్రీనివాస పిళ్ళెకు పంపుతూ వచ్చారు. వీరాస్వామి 1836లో మరణించగా, శ్రీనివాస పిళ్ళె 1838లో వాటిని పుస్తకంగా అచ్చు వేయించారు. దిగవల్లి వేంకట శివరావు పరిష్కరించిన ముద్రణ 1941లో వచ్చింది. తెలుగులో తొలి యాత్రా గ్రంథంగా దీనికి పేరుంది.

వెళ్ళేటప్పుడు తిరుపతి, కడప, అహోబిలం, శ్రీశైలం, హైదరాబాదు, నాగపూరు, జబల్పూరు మీదుగా ప్రయాగ, కాశి చేరారు. వచ్చేటప్పుడు గయ, కలకత్తా, పూరీ చూసుకుని, ఉత్తర సర్కారుల తీరం వెంట చెన్నపట్నానికి దిగారు. దారిలోని క్షేత్రాలన్నీ కలిసొచ్చేలా, వెళ్ళిన బాటన తిరిగి రాకుండా గీసుకున్న ఈ మార్గంలోనే మంచి ఏర్పాటు కనిపిస్తుంది. నడుమ కంపెనీ పాలన, నిజాం రాజ్యం, నాగపూరు భోంస్లేల రాజ్యం వంటివి తగిలేవి. ఇన్ని పాలనల గుండా వందమందితో సాగాలంటే అధికారుల అండ కావాలి. కోర్టు ఉద్యోగంలో ఉన్న పలుకుబడి అక్కడ అక్కరకొచ్చింది.

ఆ పుస్తకం విలువ ప్రధానంగా మజిలీల వివరంలో ఉంది. ఒక ఊరి నుంచి మరో ఊరికి ఎన్ని ఆమడలు, దారి ఇసుకా రాళ్ళా బురదా, వాగులు ఎన్ని, దిగడానికి చోటుందా, అంగట్లో ఏమి దొరుకుతాయి అన్నవి వరసగా వస్తాయి. ఆ మీదట ఆ ఊరి పంటలు, భాష, కులాలు, పాలకుల తీరు. వెనక వచ్చే యాత్రికుడికి పనికొచ్చేలా రాయాలన్న పట్టుదల పేజీ పేజీలో తెలుస్తుంది. వానాకాలంలో హైదరాబాదు నుంచి ఉత్తరంగా సాగే దారి ఎంత శ్రమో, బోయీలకు అనారోగ్యం కలిగితే పరివారమంతా ఎలా ఆగిపోతుందో అందులో తెలుస్తాయి. నేటి పాఠకుడికి అది 1830 నాటి దక్షిణ, మధ్య భారతాల ముఖచిత్రం. నాటి పాఠకుడికి అదే దారి పుస్తకం.

వీరాస్వామి చూసిన నగరం

ఆయన చేరిన కాశి పురాణాల్లో ఎంత పాతదైనా, కంటికి కనిపించే కట్టడాల్లో అప్పటికి కొత్తదే. ఔరంగజేబు కాలంలో 1669లో విశ్వేశ్వరాలయం కూల్చివేతకు గురైంది. ఇప్పుడున్న ఆలయాన్ని ఇందూరు రాణి అహల్యాబాయి హోల్కర్ 18వ శతాబ్దం చివర్లో పక్కనే కట్టించింది. ఘాట్ల రాతి మెట్లు, వాటి పైన కోటల్లా నిలిచిన భవనాల్లో చాలాభాగం ఆ శతాబ్దంలోనే మరాఠా పాలకులు, ఇతర సంస్థానాధీశులు కట్టించినవి. ఘాట్ మీది మానమందిరం భవనం మాత్రం అంతకు ముందటిది. దాని పైన జయపూరు రాజు సవాయి జయసింగ్ 18వ శతాబ్దంలో నక్షత్ర వేధశాల ఏర్పాటు చేశాడు. విశ్వేశ్వరాలయ శిఖరాలకు బంగారు రేకులు పంజాబు మహారాజా రంజిత్ సింగ్ ఇచ్చిన బంగారంతో వేసినవి. వీరాస్వామి చూసినప్పటికి ఆ రేకులు ఇంకా లేవు.

అదే కాలంలో కాశి టంకశాలలో పనిచేసిన జేమ్స్ ప్రిన్సెప్ నగరానికి పటం గీశాడు. ఘాట్లను, ఆలయాలను, పండుగలను బొమ్మలుగా వేసి 1830 నుంచి అచ్చు వేయించాడు. వీరాస్వామి మాటల్లో రాసింది, ప్రిన్సెప్ గీతల్లో చూపింది ఒకే నగరాన్ని. మనుషులు ఒకరినొకరు తప్పించుకుని నడవాల్సిన ఇరుకు సందులు, మూడు నాలుగంతస్తుల రాతి ఇళ్ళు, మణికర్ణిక దగ్గర ఆరని చితులు, మెట్ల మీద వెదురు గొడుగుల కింద కూర్చున్న ఘాటియాలు (ఘాట్ పురోహితులు) రెండింటికీ నేపథ్యం.

కాశిలో చేయవలసిన పనుల వరస

తెలుగు యాత్రికుడికి కాశి ఒంటరి క్షేత్రం కాదు. ప్రయాగ, కాశి, గయ మూడూ కలిసి త్రిస్థలి. ప్రయాగలో ముండనం, త్రివేణీ స్నానం. కాశిలో తీర్థ శ్రాద్ధం, దేవతా దర్శనాలు. గయలో ఫల్గు నదీ తీరాన, విష్ణుపాదం దగ్గర, అక్షయవటం కింద పిండప్రదానం. రామేశ్వరం కలుపుకునేవారు ముందు సేతువులో ఇసుక తీసుకుని ప్రయాగ త్రివేణిలో కలుపుతారు. అక్కడి గంగను తెచ్చి రామనాథస్వామికి అభిషేకం చేస్తే యాత్ర సంపూర్ణం.

ప్రయాగలో దంపతులు చేసే వేణీదానం దక్షిణాదివారి ఆచారాల్లో ప్రత్యేకమైనది. భార్య పసుపు కుంకుమలతో సంకల్పం చెప్పుకుని నది ఒడ్డున కూర్చుంటుంది. భర్త ఆమె తల దువ్వి, జడ అల్లి, పూలు ముడుస్తాడు. జడ చివర రెండు అంగుళాల మేర కత్తిరించి ఆమె చేతికిస్తాడు. పడవలో సంగమం దాకా వెళ్ళి ఆ కొసను నీటిలో వదులుతారు. సాధారణంగా నీటి మీద తేలే వెంట్రుకలు అక్కడ మునిగిపోతాయని నమ్మకం. ఏళ్ళ తరబడి ఇంటిపనుల్లో ఉన్న భార్యాభర్తలు పరాయి ఊళ్ళో, పదిమంది ఎదుట ఒకరి తల మరొకరు దువ్వే ఈ తంతును యాత్రికులు జీవితాంతం చెప్పుకుంటారు.

కాశి చేరాక కాలభైరవుడి దర్శనంతో మొదలుపెట్టడం వాడుక. ఆయన నగర రక్షకుడు; ఆయన అనుమతి లేనిదే కాశీవాసం కుదరదంటారు. పూజారులు అక్కడ ఇచ్చే నల్ల దారాలే ఇంటింటికీ తెచ్చి పంచే కాశీదారాలు. తర్వాత డుంఠి గణపతి, విశ్వేశ్వరుడు, అన్నపూర్ణ, విశాలాక్షి. కేదార్ ఘాట్ మీది గౌరీకేదారేశ్వరాలయంలో దక్షిణాది సందడి ఎక్కువ. పంచతీర్థ స్నానం పడవలో చేస్తారు. అసి ఘాట్‌లో మొదలుపెట్టి దశాశ్వమేధం, అక్కడి నుంచి ప్రవాహం వెంట వరుణా సంగమంలోని ఆదికేశవం దాకా దిగుతారు. ఆ మీదట పడవవాడు ఏటికి ఎదురుగా తెడ్డు వేస్తూ పంచగంగకు, చివరికి మణికర్ణికకు తీసుకొస్తాడు. నగరం పొడవునా ఒకసారి దిగి మళ్ళీ ఎక్కే ఈ వరసలో ఘాట్లన్నీ కంటపడతాయి.

తీరిక ఉన్నవారు పంచక్రోశి యాత్ర చేసేవారు. కాశీ క్షేత్రం చుట్టూ సుమారు 80 కిలోమీటర్ల ప్రదక్షిణ ఇది. కర్దమేశ్వరం, భీమచండి, కాశి దగ్గరి రామేశ్వరం, శివపురం, కపిలధార అన్న అయిదు మజిలీల్లో అయిదు రోజులు పడుతుంది. కాశిలో తొమ్మిది రాత్రులు నిద్ర చేయాలన్నది తెలుగువారు గట్టిగా పాటించే మరో నియమం. తల్లి గర్భంలో ఉన్న తొమ్మిది నెలలకు బదులుగా తొమ్మిది నిద్రలని పెద్దలు చెబుతారు. నెలలు నడిచి వచ్చినవారికి తొమ్మిది రాత్రులు ఒక లెక్కలోనివి కావు. దారి కుదించుకుపోయాకే ఆ నియమం కష్టంగా తోచడం మొదలైంది.

రైలు తెచ్చిన మార్పు

1862లో ఈస్టిండియన్ రైల్వే మొగల్‌సరాయికి చేరడంతో కాశికి గంగ అవతలి ఒడ్డుదాకా రైలు వచ్చింది. 1887లో రాజ్‌ఘాట్ దగ్గర వంతెన తెరిచేదాకా యాత్రికులు అక్కడ దిగి నది దాటవలసి వచ్చేది. తెలుగునాటి నుంచి మాత్రం ఇంకా నేరు దారి లేదు. కోస్తావారు కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో స్టీమరెక్కి కలకత్తా చేరి, అక్కడి నుంచి రైలు పట్టుకునే వీలు ఏర్పడింది. 1870లో బొంబాయి, కలకత్తాల మధ్య జబల్పూరు మీదుగా రైలు కలిసింది. 1871లో మద్రాసు మార్గం రాయచూరు దగ్గర బొంబాయి మార్గంతో, 1874లో సికింద్రాబాదు మార్గం వాడి దగ్గర దానితోనే కలిశాయి. చుట్టు తిరుగుడైనా, తెలుగు యాత్రికుడు నేల మీద నడవకుండా కాశి చేరడం అప్పటి నుంచి సాధ్యమైంది.

1890ల్లో బెజవాడ నుంచి కటకం వైపు తూర్పు తీరపు రైలు దారి పడింది. 1900లో రాజమహేంద్రవరం దగ్గర గోదావరి మీద వంతెన పూర్తయింది. ఉత్తర సర్కారుల జిల్లాలకు కలకత్తా, దాని మీదుగా గయ, కాశి దగ్గరయ్యాయి. కాజీపేట, బల్హార్షాల మధ్య మార్గం 1920ల చివర్లో పూర్తవడంతో వరంగల్లు, నాగపూరు, ఇటార్సీ, జబల్పూరు మీదుగా నేరు దారి కుదిరింది. చెన్నై నుంచి విజయవాడ, వరంగల్లు మీదుగా కాశి వైపు సాగే గంగా కావేరి ఎక్స్‌ప్రెస్ నేడు నడిచేది ఈ దారినే. వీరాస్వామి నాగపూరు, జబల్పూరు, ప్రయాగ అని రాసుకున్న వరసనే ఈ రైలు స్టేషన్ల వరసలోనూ చూడవచ్చు. నదుల రేవులు, కనుమల మలుపులు నిర్ణయించిన బాటనే చాలాచోట్ల పట్టాలూ అనుసరించాయి.

రైలు యాత్రను కుదించడమే కాక యాత్రికులనూ మార్చింది. పల్లకీ ఖర్చు భరించలేనివారు, చిన్న పిల్లల తల్లులు, సెలవు తక్కువ దొరికే ఉద్యోగులు కాశికి వెళ్ళగలిగారు. చదువుకోసం వెళ్ళేవారి సంఖ్యా పెరిగింది. తిరుపతి వేంకట కవుల్లో ఒకరైన చెళ్ళపిళ్ళ వేంకటశాస్త్రి యౌవనంలో కాశికి వెళ్ళి వచ్చారు. 1916లో మదనమోహన మాలవీయ కాశీ హిందూ విశ్వవిద్యాలయాన్ని స్థాపించాక తెలుగు విద్యార్థులు అక్కడికీ చేరారు. సర్వేపల్లి రాధాకృష్ణన్ 1939 నుంచి 1948 దాకా ఆ విశ్వవిద్యాలయానికి ఉపకులపతిగా పనిచేశారు.

సత్రాలు, పురోహితులు, కాశీ చెంబులు

నడిచి వచ్చిన యాత్రికుడు డేరా, వంటవాడు, బియ్యం మూటలు తన వెంటే తెచ్చుకునేవాడు. రైలు దిగిన యాత్రికుడి చేతిలో ఒక పెట్టె, పరుపు చుట్ట మాత్రమే ఉంటాయి. బస, భోజనం, పురోహితుడు కాశిలోనే సిద్ధంగా ఉండాలి. ఈ అవసరం తీర్చడానికి దక్షిణాది ధర్మకర్తల సత్రాలు హనుమాన్ ఘాట్, కేదార్ ఘాట్, మానస సరోవర్ ఘాట్, పాండే హవేలీ పరిసరాల్లో వెలిశాయి. శ్రీరామ తారక ఆంధ్రాశ్రమం, కరివెన సత్రం వంటివి నేటికీ తెలుగు యాత్రికులు మొదట అడిగే చిరునామాలు. ఆ వీధుల్లో తెలుగు బోర్డులు కనిపిస్తాయి, పులుసు, పచ్చడి, పెరుగుతో భోజనం దొరుకుతుంది, రిక్షావాళ్ళు, పడవవాళ్ళు నాలుగు తెలుగు ముక్కలు మాట్లాడతారు. తరతరాలుగా స్థిరపడిన తెలుగు పురోహితులు సంకల్పం నుంచి శ్రాద్ధం దాకా తెలుగు పద్ధతిలోనే జరిపిస్తారు. వీరాస్వామి వందమందిని వెంట తీసుకెళ్ళి సమకూర్చుకున్న సౌకర్యాన్ని, రెండు తరాల తర్వాత ఈ సత్రాలు సామాన్యుడికి అందుబాటులోకి తెచ్చాయి.

తిరుగు ప్రయాణంలో యాత్రికుడి మూటలో ముఖ్యమైనది కాశీ చెంబు. విశ్వనాథుడి గల్లీ దుకాణాల్లో అరచేతిలో పట్టేంత చిన్న రాగి చెంబులు రాసులు పోసి ఉంటాయి. యాత్రికుడు వాటిని గంగలో ముంచి నింపుకొస్తే, మూత బిగించి అంచు చుట్టూ తగరంతో మాటు వేస్తారు. ఎన్ని ఊళ్ళు తిరిగినా చుక్క కారదు. ఇంటికి చేరాక మంచిరోజు చూసి గంగపూజ చేస్తారు. బంధువులను పిలిచి కాశీ సమారాధన పెడతారు. ఒక చెంబు మాటు విప్పి అందరికీ తీర్థం పంచి, వెళ్ళలేకపోయినవారికి కాశీదారం, అన్నపూర్ణ ప్రతిమ ఇస్తారు. ఇంకో చెంబు దేవుడి గూట్లో విప్పకుండా దాస్తారు. ఇంట్లో ఎవరికైనా అంత్యకాలం వచ్చినప్పుడు తులసితో ఆ గంగ నోట్లో పోయడానికి అది. ఇష్టమైన ఒక పండో కాయో ఆకో కాశిలో లేదా గయలో అక్షయవటం దగ్గర వదిలి, మళ్ళీ ముట్టకపోవడం మరో నియమం. ఆయన వంకాయ తినరు, కాశిలో వదిలేశారు అన్న మాట వినని తెలుగు ఊరు అరుదు.

నేటి చిన్న యాత్ర

ఇప్పుడు హైదరాబాదు నుంచి విమానంలో కాశి సుమారు రెండు గంటల దూరం. రైలులో ఒక పగలు, ఒక రాత్రికి కొంచెం పైన. 2021 డిసెంబరు 13న ప్రారంభమైన విశ్వనాథ ధామం వల్ల గంగ ఒడ్డు నుంచి ఆలయానికి నేరుగా నడిచి వెళ్ళే విశాలమైన దారి ఏర్పడింది. మొన్నటిదాకా ఇరుకు సందుల నడుమ చిక్కుకున్న ఆలయ ప్రాంగణం సుమారు 5 లక్షల చదరపు అడుగులకు విస్తరించింది. దశాశ్వమేధ ఘాట్‌లో సాయంకాలం జరిగే గంగాహారతి ఇప్పటి భారీ రూపం తీసుకున్నది 1990ల నుంచి. వీరాస్వామి కాలపు యాత్రికులు చూడని కొత్త ఆకర్షణ అది. 2023 ఏప్రిల్ 22 నుంచి మే 3 దాకా జరిగిన గంగా పుష్కరాలకు తెలుగు రాష్ట్రాల నుంచి యాత్రికులు పెద్ద సంఖ్యలో తరలివెళ్ళారు. బృహస్పతి మేషరాశిలో ప్రవేశించినప్పుడు, పన్నెండేళ్ళకు ఒకసారి వచ్చే ఈ పుష్కరాలకు కాశిలో పోటెత్తే జనంలో తెలుగువారిదే పెద్ద పాలు.

నాలుగైదు రోజుల యాత్ర అనుకునేవారికి పాత అనుభవం చెప్పే పాఠాలు నేటికీ అక్కరకొస్తాయి. కాలం సంగతి మొదటిది. జులై నుంచి సెప్టెంబరు దాకా గంగ పొంగి మెట్లు మునుగుతాయి, పడవలు ఆపేస్తారు, పంచతీర్థ స్నానం కుదరదు. డిసెంబరు చివర, జనవరిలో పొగమంచు వల్ల రైళ్ళు, విమానాలు గంటల తరబడి ఆలస్యమవుతాయి. కార్తీకం, శివరాత్రి పుణ్యదినాలే అయినా బస దొరకడం కష్టం. ఈ పండుగ రోజులు తప్పించి అక్టోబరు, నవంబరు లేదా ఫిబ్రవరి, మార్చి నెలలు చూసుకుంటే ఎండా చలీ రెండూ తట్టుకోవచ్చు. రెండోది బస. సత్రాల్లో గదులకు ముందుగా రాసుకోవాలి. వృద్ధులు వెంట ఉంటే ఘాట్‌కు దగ్గర, మెట్లు తక్కువ ఉన్న చోటు ఎంచుకోవాలి. ఘాట్ల దగ్గరి సందుల్లోకి కారు రాదు. సామాను ఎంత తక్కువైతే అంత సుఖం.

మూడోది వరస. చేరిన సాయంత్రం గంగాదర్శనం, కాలభైరవుడు. మర్నాడు తెల్లవారుజామున స్నానం, విశ్వేశ్వర, అన్నపూర్ణ, విశాలాక్షి దర్శనాలు. మూడోనాడు పడవలో పంచతీర్థం, మధ్యాహ్నం శ్రాద్ధ విధులు, వీలైతే నగరానికి పది కిలోమీటర్ల దూరంలో బుద్ధుడు తొలి ఉపదేశం చేసిన సారనాథ్. ప్రయాగ సుమారు 120 కిలోమీటర్లు కాబట్టి నాలుగోనాడు పొద్దున్నే బయలుదేరి వేణీదానం, త్రివేణీ స్నానం ముగించుకుని రాత్రికి రావచ్చు. గయ సుమారు 250 కిలోమీటర్లు. అక్కడి శ్రాద్ధాన్ని ఒక్క పూటలో తోసేయడం కష్టం. దానికి విడిగా రెండు రోజులు కేటాయించుకోవడమో, మరో యాత్రకు అట్టిపెట్టుకోవడమో మేలు. తొమ్మిది నిద్రలు చేయగలిగినవారు ఈ పనులన్నిటినీ తొందర లేకుండా పంచుకుంటారు. చేయలేనివారు మూడు నిద్రలతో సరిపెట్టుకుంటారు. అన్నీ ఒకేసారి చుట్టేయాలన్న ఆత్రం కంటే, తక్కువ చూసి విధులు సావకాశంగా జరుపుకోవడమే యాత్ర ఉద్దేశానికి దగ్గర.

1830లో ఒక కుటుంబం కాశికి వెళ్ళాలంటే ఏడాది జీవితాన్ని, కూడబెట్టిన సొమ్మును, వందమంది శ్రమను వెచ్చించవలసి వచ్చేది. రోడ్లు, రైళ్ళు, వంతెనలు, సత్రాలు ఒకదాని మీద ఒకటి పేరుకుని ఆ వ్యయాన్ని వారం జీతంలోకి, నాలుగు రోజుల సెలవులోకి తెచ్చాయి. ఆమడల లెక్క రైళ్ళ వేళల పట్టికగా, మజిలీ సత్రంలో గదిగా, హుండీ బ్యాంకు కార్డుగా మారాయి. భైరవుడి దగ్గర మొదలై సమారాధనతో ముగిసే క్రమం మాత్రం మారలేదు. దాన్ని ముందుగా తెలుసుకుని, తన కాలానికీ ఒంటి శక్తికీ తగినట్టు అమర్చుకునే యాత్రికుడికి నాలుగు రోజుల్లోనూ కాశీయాత్ర కాశీయాత్రగానే దక్కుతుంది.